విలన్‌కు కట్టిన మణెమ్మ చీర

నేను ఒక చీర దగ్గర అలిగి సినిమాలు మానేశానని కృష్ణానగర్‌లో చెప్పుకుంటారు. చెప్పేవాళ్లలో సగం మంది నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లే. "ఆమెకు చేనేత పిచ్చి. డైరెక్టర్ ప్రింటు చీర కట్టించాడని పెట్టె సర్దుకుని పోయింది" అని టీ కొట్ల దగ్గర నవ్వుకుంటారట. చదువుకున్న స్నేహితులది ఇంకో కథ. థ్రిల్లర్లన్నీ ఢిల్లీలో ఎవరో కూర్చుని రాయిస్తారని, సెట్లో ఉన్నవాళ్లంతా తాడు లాగితే ఆడే బొమ్మలని వాళ్ల నమ్మకం. మూడో కథ సినిమా వాళ్లు ప్రతి ఇంటర్వ్యూలో వల్లించేది: "మా సినిమాలో ఏ మెసేజీ లేదండీ. జనం రెండు గంటలు కదలకుండా కూర్చోవాలి, అంతే."

మూడూ తప్పే. మొదటిది నా గురించిన అబద్ధం కాబట్టి దాన్ని సహించగలను. మూడోదాన్ని మాత్రం సహించలేను. ఇరవై ఏళ్లకు పైగా కాస్ట్యూమ్స్ ఇన్‌చార్జిగా పనిచేశాను. అందులో ఎక్కువ భాగం హత్యలు, బాంబులు, పోలీసులు ఉన్న సినిమాలే. ఏ వేషానికి ఏ చొక్కా అనే నిర్ణయం జరిగేటప్పుడు నేను గదిలో ఉన్నాను. టీ తాగుతూ, సమోసాలు తింటూ, ఫోన్లు చూసుకుంటూ మనుషులు తీసుకున్న నిర్ణయాలవి. దాన్ని ఉద్దేశం అనకపోతే ఇంకేమంటారో నాకు తెలియదు.

ఇప్పుడు ఫ్యాషన్ కాలేజీల నుంచి ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మొదటి సీనులో మెడకున్న గొలుసు మూడో సీనులో మాయం కాకుండా చూసుకోవడం ఎట్లాగో నేను చెప్పనక్కర్లేదు, మీ ఫోన్లు చూసుకుంటాయి. మీకు ఎవరూ చెప్పనిది చెప్తాను.

మాస్టారి చొక్కా

మాది నల్గొండ దిక్కు నేత కుటుంబం. నాయిన మగ్గం మీద, అమ్మ నూలు చుట్టే ఆసు దగ్గర, నేను డిగ్రీ పుస్తకాల ముందు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ వచ్చి ఒక ముసలి కాస్ట్యూమర్ దగ్గర చేరాను. మద్రాసులో పని మొదలుపెట్టి ఇండస్ట్రీతో పాటు ఇటు వచ్చిన మనిషి. అందరూ మాస్టారు అనేవాళ్లు. నూలు పోగు చూసి అది ఎంత సన్నమో, ఎన్నో నంబరుదో చెప్పగలనని తెలిశాక నన్ను పనిలో పెట్టుకున్నాడు. నా డిగ్రీ సంగతి ఆయన ఎన్నడూ అడగలేదు.

ఒక సినిమాలో బస్టాండులో బాంబు పెట్టినవాడు ఎవరన్నది కథ. అది ఇంటర్వెల్ దాకా తెలియకూడదు. ఆ వేషం వేసేవాడికి మొదటి సీను నుంచే తెల్ల టోపీ, కళ్లకు సుర్మా కావాలన్నాడు డైరెక్టర్. మాస్టారు విని తలూపి, మరునాడు లేత నీలం చొక్కా పట్టుకొచ్చాడు. టక్ చేయించాడు. జేబులో పెన్ను పెట్టాడు.

డైరెక్టర్ చూసి కేకలేశాడు, వీడు బ్యాంకు గుమస్తాలా ఉన్నాడని.

"గుమస్తాలా ఉంటేనే గదండీ ఇంటర్వెల్‌లో జనం ఉలిక్కిపడేది" అన్నాడు మాస్టారు, దారం కొరుకుతూ. "టోపీ పెడితే పేర్లు పడేటప్పుడే దొరికిపోతాడు. ఆ తరవాత ఇంకేం చూపిస్తారు, నా దర్జీ పనా?"

లైట్ల దగ్గరున్నవాళ్లు కూడా నవ్వారు. ఆ రోజుకు చొక్కా గెలిచింది. ఇంటర్వెల్ సీను తీసే రోజు నిర్మాత నుంచి ఫోన్ వచ్చింది. టోపీ, సుర్మా రెండూ మా పెట్టెలోకి వచ్చాయి. మాస్టారే తన చేత్తో వాడికి పెట్టాడు. తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో అడిగాను, ఆ రెండూ లేకున్నా సీను బాగానే ఉండేది కదా, ఎందుకింత పట్టుదల అని.

"దొంగ దొరికితే చాలదమ్మా వాళ్లకి. ఎలాంటివాడు దొరుకుతాడని జనం ఇంటి దగ్గర అనుకుని వచ్చారో, వాడే దొరకాలి."

ఆ రోజు నుంచి నాకొక కొలత దొరికింది. థ్రిల్లర్‌కు థ్రిల్ కావాలి, అది న్యాయమే. అయితే థ్రిల్‌ను పాడుచేసే వస్తువును కూడా పట్టుబట్టి పెట్టమంటున్నారంటే అది ఇంకో పని కోసం వచ్చిందని అర్థం. సెట్లో ఎవరు ఎన్ని మాటలు చెప్పినా ఈ కొలత వదలకండి.

అదే తువ్వాల

తెలంగాణ రాష్ట్రం రాకముందు విలన్ పక్కన కర్రలు పట్టుకుని నిలబడేవాళ్లకు గళ్ల లుంగీ, భుజాన తువ్వాల, నోట్లో మా మాట. మా పెట్టెల మీద "రౌడీలు – నల్గొండ" అని రాసి ఉండేది. నల్గొండ దాన్ని నేను, ఆ పెట్టె నేనే మోసేదాన్ని. రాష్ట్రం వచ్చిన కొద్ది కాలానికే అదే తువ్వాల హీరో తలకు చుట్టారు. అదే దుకాణం, అదే గళ్లు. మేనేజర్‌ను అడిగితే, "మార్కెట్ మారిందక్కా" అన్నాడు.

నాకు తెలిసింది కూరగాయల మార్కెట్ ఒక్కటే అనుకున్నాడు కాబోలు. ఎవరిని చూపించి నవ్విస్తే ఎవరూ తిరగబడరో కనిపెట్టుకుని ఉండే తెలివినే వీళ్లు మార్కెట్ అంటారు. నిన్న మేము తిరగబడలేని వాళ్లం కాబట్టి రౌడీలం. ఇవాళ మాకొక రాష్ట్రం ఉంది కాబట్టి హీరోలం. రాజకీయం లేకుండా ఆ తువ్వాల భుజం మీద నుంచి తల మీదకు ఎట్లా ఎక్కిందో ఎవరైనా చెప్తే వింటాను.

నాకు సంతోషం కలగలేదని అనను. హాల్లో మా మాట విని జనం చప్పట్లు కొడుతుంటే కళ్లు చెమర్చాయి. ఇంక మనవాళ్లే తీస్తారు, మన కథలే తీస్తారు అనుకున్నాను. మనవాళ్లు నిజంగానే వచ్చారు. వాళ్లలో ఒకడి గురించే మిగతా కథ.

ఫోన్‌కు వచ్చిన ఫొటో

ఆ డైరెక్టర్ పాలమూరు వాడు. మొదటి రోజే నన్ను అక్కా అని పిలిచి, ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టె సగం తుంచి చేతిలో పెట్టాడు. కథ బాగా చెప్పాడు. పట్నం పొలిమేరలో ఒక మందుల ఫ్యాక్టరీ. చుట్టూ ఊళ్లలో మనుషులు చనిపోతుంటారు. హీరో పోలీసు. మొదట అందరికీ యజమాని మీద అనుమానం. చివరకు తేలేదేమంటే, ఫ్యాక్టరీకి వ్యతిరేకంగా ఊరి జనాన్ని కూడగట్టిన ఆడమనిషే విలన్. బయటి దేశపు డబ్బు తిని, ఫ్యాక్టరీని మూయించడానికి ఆమే రాత్రిపూట బావుల్లో విషం కలుపుతుంటుంది.

కథ మీద నాకు అభ్యంతరం ఉందని అప్పుడే చెప్పాను. బావి పాడుచేసినవాడిని వదిలి, బావి పాడైందని మొత్తుకున్నదాన్ని పట్టుకుంటున్నావు తమ్మీ అన్నాను. మలుపు అక్కా, ఎవ్వరూ ఊహించరు అన్నాడు. ఆ మాట నిజమే. ఇంత అన్యాయం ఎవ్వరూ ఊహించరు.

మా పనిలో ప్రతి పాత్రకూ ఒక రెఫరెన్సు ఫొటో ఇస్తారు. ఇట్లాంటి మనిషి, ఇట్లాంటి బట్ట అని. పత్రికల్లోంచో, పాత ఆల్బమ్‌లోంచో తీసిందై ఉంటుంది. అది చూసి మేము ఆ పోలికలో ఇంకొకటి తయారు చేస్తాం. ఉన్నదున్నట్టు దించితే పని రాదని నవ్వుతారు. విలన్ పాత్రకు వచ్చిన ఫొటో తెరిచాను. ఒక ఆడమనిషి మైకు ముందు నిలబడి మాట్లాడుతోంది. ముఖం దగ్గర ఫొటోను మసక చేశారు. మెడ కిందంతా స్పష్టంగా ఉంది. కొంగు నడుముకు చెక్కుకుంది. పసుపు, ఎరుపు డైమండ్ల ఇక్కత్ చీర. కొంగు మూలన ఒక డైమండు సగం ఎరుపులో మునిగిపోయి ఉంది.

ముఖంతో నాకు పనిలేదు. ఆ చీర మా ఇంటి మగ్గం మీద పుట్టింది.

తమ్ముడు తప్పిన ముడి

తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఇక్కత్‌లో బట్ట నేశాక రంగు వేయరు. నేయకముందే, పసుపు నిలవాల్సిన చోట నూలును గట్టిగా కట్టి ఎరుపులో ముంచుతారు. ముడి వదులైతే ఎరుపు లోపలికి దిగుతుంది. దిగిన రంగు మళ్లీ రాదు. నా తమ్ముడు శ్రీశైలం పని నాయిన పని కంటే బాగుంటుందని పేరు. అట్లాంటివాడు ఒకసారి ఒక ముడి వదులుగా కట్టాడు. షాపువాళ్లు కొంగు చూసి చీర వాపసు పంపారు. వాడు అన్నం మానేసి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు.

నేను ఇంటికి వెళ్లేసరికి అట్లా రెండో రోజు. అదే రోజు మా ఇంటి ముందు ఒకామె ఆగి మంచినీళ్లు అడిగింది. షాద్‌నగర్ అవతల ఒక ఊరి రైతు. పేరు మణెమ్మ. మా పక్క ఊరి దగ్గర మందుల ఫ్యాక్టరీ వచ్చి చాలా కాలమైంది. తమ ఊరి ఫ్యాక్టరీని ఇంకా పెంచుతారని తెలిసి, పెరిగితే నీళ్లు ఎట్లా అవుతాయో కళ్లారా చూసిపోదామని బస్సులు మారి వచ్చిందామె.

అమ్మ కొనుక్కున్న డబ్బా నీళ్లు ముంచబోయింది. బోరు నీళ్లు వాసనొస్తాయి, ఇవి తాగు బిడ్డా అంది.

"వాసన జూద్దామనే వచ్చిన పెద్దమ్మా. జర బోరు నీళ్లే పొయ్యి" అంది మణెమ్మ.

చెంబు ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకుంది. "గిదే. మా బాయిల ఇప్పుడిప్పుడే మొదలైంది గీ వాసన" అని నీళ్లు వాకిట్లో పారబోసింది. తరువాత ఆమె కన్ను పక్కన పడేసిన చీర మీద పడింది. ఎందుకు పక్కకు పెట్టారని అడిగింది. ఖరాబైందని శ్రీశైలం తలెత్తకుండా చెప్పాడు.

"మా ఇంటాయన మీసం గూడ ఒక దిక్కు పొట్టిగుంటది. వాపసిచ్చిన్నా?"

రెండు రోజుల తరువాత మా తమ్ముడు నవ్వింది అప్పుడే. ఆమె ఆ చీర కొనుక్కుని సంచిలో పెట్టుకుని పోయింది. కొన్నాళ్లకు వాళ్ల ఊళ్లో ఫ్యాక్టరీ విస్తరణ మీద అధికారులు ప్రజల మాట వినే సభ పెట్టారు. మణెమ్మ అదే చీర కట్టుకుని మైకు ముందు మాట్లాడిందని, ఊరు మొత్తం ఆమె వెనక నిలబడేసరికి సభ వాయిదా పడిందని శ్రీశైలమే నాకు ఫోన్లో చెప్పాడు. తాను నేసిన చీర గెలిచినంత సంబరపడ్డాడు.

నాకు వచ్చిన ఫొటో ఆ సభలోది.

గుర్తుపట్టాల్సింది ఎవరిని

మొదట నా పని తెలిసిన మనిషిగానే వాదించాను. పాలమూరు రైతు ఆడమనిషికి నారాయణపేట చీర కట్టు తమ్మీ, న్యాయంగా ఉంటుంది, నువ్వు పుట్టిన జాగాలో ఆడవాళ్లు కట్టేదే కదా అన్నాను. పది చీరలు పరిచాను. అన్నీ చూశాడు. ఫోన్ తీసి మళ్లీ ఆ ఫొటో చూపించాడు.

"గిదే గావాలె అక్కా. ఫొటోల ఎట్లుందో గట్లనే."

"కొంగు మీది మచ్చ?"

"అది గూడ."

"అది డిజైన్ గాదు. నేసేటోని తప్పు."

"తెలుసక్కా. అది ఉంటెనే జనం గుర్తుపడ్తరు."

"ఎవరిని?"

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "క్యారెక్టర్‌ని" అన్నాడు.

"క్యారెక్టర్‌ని జనం ఇంకా చూడనే లేదు గద తమ్మీ. చూడని మనిషిని ఎట్ల గుర్తుపడ్తరు?"

అసిస్టెంట్లు పక్కకు జరిగారు. ఫొటో ఎవరిచ్చారని అడిగాను. పై నుంచి వచ్చిందన్నాడు. పై నుంచి అంటే నిర్మాతా అన్నాను. ఆయనకు ఎవరో పంపితే ఆయన తనకు పంపాడట.

"ఫార్వర్డ్ అక్కా అది. ఫార్వర్డ్‌కు గూడ నాయిన పేరు అడుగుతవా నువ్వు?"

అందరూ నవ్వారు. నేను కూడా అతని తెలివికి నవ్వేదాన్నే, ఆ చీర ఎవరిదో తెలియకపోతే.

ఆమె ఎవరో చెప్పాను. ఊరి పేరు చెప్పాను. ఆమె బావి గురించి చెప్పాను. ఫ్యాక్టరీ విస్తరణ మీద మళ్లీ సభ జరగబోతోందని, ఈ సినిమా అంతకుముందే వస్తే ఆమె గతి ఏమిటని అడిగాను. అతను విన్నాడు. ఆశ్చర్యపోలేదు. కొత్త సంగతి విన్న మనిషి ముఖం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. రోజూ నటుల ముఖాలు చూసే పని నాది. అది తెలిసిన సంగతి మళ్లీ విన్న ముఖం.

తరువాత మెల్లగా, తనకిది మొదటి పెద్ద సినిమా అని, కథలో ఒక్క గింజ కదిపినా డబ్బు పెట్టేవాళ్లు లేచిపోతారని చెప్పాడు. ఆ మాటలో అబద్ధం లేదు. ఉద్దేశం పనిచేసేది ఇట్లాగే. ఒకడు ఫొటో తీస్తాడు, ఒకడు పంపుతాడు, ఒకడు కథలో కలుపుతాడు, ఒకామె చీర తెస్తుంది. ఎవరిని పట్టుకున్నా నాది ఇంతే అంటాడు. పిల్లలూ, ఢిల్లీలో కూర్చున్న మాంత్రికుడి కోసం వెతక్కండి. మీ పక్కన కూర్చుని రొట్టె పంచుకునేవాడి దగ్గర మొదలుపెట్టండి.

మేనేజర్ నాకు చెప్పకుండా శ్రీశైలానికి ఫోన్ చేసి అట్లాంటి చీర ఇంకొకటి మచ్చతో సహా నేసిమ్మన్నాడు. పొరపాటున పడ్డ ముడి మళ్లీ అట్లనే పడదు సార్ అని తమ్ముడు ఫోన్ పెట్టేశాడు. వాళ్లకేం అడ్డం? పాలిస్టర్ మీద ప్రింటు కొట్టించారు. మా తమ్ముడు రెండు రోజులు అన్నం మానేసిన తప్పును మిషను మీద గజాల లెక్కన అచ్చు వేశారు.

నేను ఆ సినిమా నుంచి బయటికి వచ్చాను. నేను లేకపోతే ఆ వేషం ఆగుతుందనుకోవడం నా తెలివితక్కువ. నా దగ్గర కొలతలు నేర్చుకున్న అమ్మాయే ఆ చీర కట్టించింది. చక్కగా కట్టించింది, కుచ్చిళ్లు నేను నేర్పినట్టే ఉన్నాయి. నేను ప్రింటు చీర దగ్గర అలిగానని చెప్పేదీ ఆమే. ఆ తరువాత నాకు ఫోన్లు తగ్గాయి. పోట్లాడే మనిషి అన్న పేరు ఈ పనిలో జబ్బు కంటే తొందరగా అంటుకుంటుంది. రెండు సినిమాలు చేసి పెట్టె మూసేశాను. దీన్నే నా రిటైర్మెంట్ అంటున్నాను.

నీ బాయిల నువ్వే

సినిమా బాగా ఆడింది. షాద్‌నగర్‌లో చూశాను. ఆమె బావిలో మందు కలిపే సీనులో కెమెరా ముఖం కంటే ముందు కొంగు మూలను చూపించింది. ఆ మచ్చను తెరంత చేసి. హాలు ఈలలతో ఊగిపోయింది. నా ముందు వరుసలో ఒకతను పక్కవాడిని మోచేత్తో పొడిచి మణెమ్మ ఊరి పేరు అన్నాడు. డైరెక్టర్ అబద్ధం చెప్పలేదు. జనం గుర్తుపట్టారు.

మరునాడు మణెమ్మ ఊరికి వెళ్లాను. అప్పటికే కోడలి ఫోన్లో చూసేసిందట. ఏడుస్తుందనుకున్నాను. చేను గట్టు మీద నిలబడి కూలివాళ్లను అదిలిస్తోంది.

"నాకంటె పొడుగుందామె. మంచిగనే ఉన్నది" అంది. "బాయిల మందు కలిపెటప్పుడు నా లెక్కనే కొంగు నడుముకు చెక్కింది. నేను గట్ల చెక్కేది నాటేసేటప్పుడు."

రెండో సభ రోజు దగ్గర పడింది. ఆ చీర కట్టుకోకు అని బతిమాలాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"కట్టకుంటె ఒప్పుకున్నట్టె గదా."

కట్టుకునే వచ్చింది. బడి ముందు షామియానా వేశారు. ఎదురుగా ఎత్తు మీద అధికారులకు, పెద్దలకు తెల్ల గుడ్డ పరిచిన పొడుగు బల్ల, దాని మీద నీళ్ల సీసాలు, ప్లాస్టిక్ పూల కుండీ. మొదటి సభ కూడా ఇదే చోట, ఇట్లాగే జరిగిందని నా పక్కనున్నామె చెప్పింది. మణెమ్మ పేరు పిలవగానే వెనక కుర్చీల్లోంచి ఎవరో, "ఫారిన్ మేడమ్ వస్తాంది, జాగ ఇయ్యండ్రి" అన్నారు. సినిమాలో హీరో అనే మాట అది. నవ్వులు లేచాయి.

ఆమె మైకు దగ్గరికి వెళ్లి సంచిలోంచి సీసా తీసింది. నీళ్లు పచ్చగా ఉన్నాయి.

"నా బాయి నీళ్లు సార్. తాగమంటలేను. ఒక్కసారి వాసన జూడండ్రి."

"నువ్వే కలిపినవేమో" అని వెనక నుంచి ఒక గొంతు.

ఈసారి నవ్వు పెద్దగా లేచింది. నవ్విన వాళ్లంతా ఫ్యాక్టరీ మనుషులైతే నాకు ఇంత మంట ఉండేది కాదు. ఆ నీళ్లు తాగే పిల్లలు నవ్వారు. ఆ నీళ్లతో మడి తడుపుకునేవాళ్లు నవ్వారు. కిందటి సభలో ఆమె వెనక నిలబడ్డ ఆడవాళ్లు నవ్వలేదు గాని లేవలేదు కూడా. కొంగులు సవరించుకుంటూ కూర్చున్నారు. మణెమ్మ వెనక్కి తిరిగి వాళ్లను చూసింది. ఒక్కొక్కరినే చూసింది. తరువాత సీసా బల్ల మీద పెట్టి వచ్చి కూర్చుంది. సభ అయిపోయే దాకా ఆ సీసాను ఎవరూ ముట్టలేదు.

నేను లేచి మైకు దగ్గరికి వెళ్లాను. కిందటి సభలో ఈమె ఫొటో తీసింది ఎవరు, అది సినిమా వాళ్ల చేతికి ఎట్లా వచ్చింది అని అడిగాను. సబ్జెక్టుకు సంబంధించిందే మాట్లాడమన్నారు. ఇదే సబ్జెక్టు అన్నాను. మైకు ఆగిపోయింది.

ఆగిపోయిన మైకు ముందు నిలబడి బల్ల వైపు చూస్తుంటే నాకు ఆ ఫొటో కళ్ల ముందు కదిలింది. ఎన్ని వందల సార్లు చూశానో, చీర తప్ప ఇంకేమీ చూడలేదు. ఫొటో కింది అంచున నీలం రంగు గుండ్రటి ముక్కలు వరుసగా, పక్కన ఒక ఆకు కొన. నీళ్ల సీసాల మూతలు అవి. పూల కుండీ ఆకు అది. మణెమ్మ నేరుగా ఎదురుగా, కొంచెం కిందుగా ఉంది. సర్కారు తరఫున వీడియో తీసేవాడు పక్కన స్టాండు దగ్గర నిలబడతాడు, వాడికి ఆ సీసాలు అడ్డం రావు. ఊరివాళ్లు ఆమె వెనకే కూర్చున్నారు, వాళ్లకు ఆమె వీపు తప్ప కనిపించదు.

ఫ్యాక్టరీ పెరిగింది. దానికి రెండో గేటు మణెమ్మ చేను వైపే పెట్టారు. ఆమె ఇప్పటికీ ఆ చీర కడుతుంది, సభలకు మాత్రం పిలిచేవాళ్లు లేరు. డైరెక్టర్ ఇంకో థ్రిల్లర్ తీస్తున్నాడట. ఈ మధ్య ఇంటర్వ్యూలో, మా సినిమాలో ఏ మెసేజీ లేదు అని చెప్తుంటే విన్నాను. అతనితో నాకు ఇంక పని లేదు. తాను చేసింది ఏమిటో అతనికి తెలుసు, నాకూ తెలుసు.

నాకు తెలియంది ఒక్కటే. ఆ మొదటి సభ రోజు బల్లకు అవతల కూర్చున్నవాళ్లు ఆమె మాట వినడానికే అక్కడ కూర్చున్నారు, దాని కోసమే వాళ్లను పంపారు. వాళ్ల ముందు ఒక ఆడమనిషి తన బావి గురించి మాట్లాడుతుంటే, నీళ్ల సీసాల మీదుగా ఫోన్ పైకెత్తింది వాళ్లలో ఎవరు?